పాత గేరు సైకిల్‌ను చవగ్గా సింగిల్ స్పీడ్ చేయడం

ముందు ఒక చైన్‌వీల్, వెనక ఒక ఫ్రీవీల్, రెంటినీ కలుపుతూ ఒక చైను. సింగిల్ స్పీడ్ సైకిల్ అంటే ఇంతే. పేపరు వేసేవాళ్లు, పాలు పోసేవాళ్లు ఏళ్ల తరబడి తొక్కుతున్న నల్ల సైకిల్ ఈ కోవలోదే. గేరు సైకిల్‌ను ఈ దారికి తేవడంలో తగిలించే పని తక్కువ, ఊడదీసే పని ఎక్కువ. గేరు షిఫ్టర్లు, వాటి వైర్లు, చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి మార్చడానికి ముందూ వెనకా ఉండే డీరైలర్లు, వెనక దొంతరగా ఉండే పళ్లచక్రాలు పోతాయి. కొత్తగా కొనాల్సినవి చాలా సైకిళ్లకు రెండే: ఒక ఫ్రీవీల్, ఒక చైను.

అపార్ట్‌మెంట్ సెల్లార్లలో దుమ్ము కొట్టుకుపోయిన గేరు సైకిళ్లకు కొదవ లేదు. తొమ్మిదో తరగతి కుర్రాడు మారాం చేసి కొనిపించుకున్నది, వాడు ఇంటర్‌కు హాస్టల్లో చేరగానే మూలపడుతుంది. మళ్లీ బయటికి తీసేసరికి డీరైలర్ వంగి ఉంటుంది, వైరు తుప్పు పట్టి ఉంటుంది, చైను పళ్ల మీద నిలవదు. షాపులో గేర్ల సెట్టు మొత్తం మార్చాలంటారు. ఆ ఖర్చు విన్నాక సైకిల్ మళ్లీ సెల్లారుకే వెళ్తుంది. కానీ పాడైంది గేర్లే తప్ప సైకిల్ కాదు కదా? ఫ్రేము, చక్రాలు, హ్యాండిల్ బాగుంటే దాన్ని రోడ్డెక్కించడానికి గేర్లతో పనేముంది?

ఈ పని చవగ్గా తేలడానికి ఒక కారణం ఉంది. లూథియానాలో తయారయ్యే మామూలు సైకిల్ విడిభాగాలు మన ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాయి. గేర్లు పోయిన సైకిల్ మళ్లీ ఆ సరుకుతోనే బతుకుతుంది. అయితే ఖర్చు వందల్లో ఆగుతుందా, వేలల్లోకి పోతుందా అన్నది పానా పట్టుకోకముందే తేలిపోతుంది. ఫ్రేములో వెనక ఇరుసు కూర్చునే గాడి ఎటు తెరుచుకుని ఉందో చూస్తే చాలు. అది చూడకుండా చైను కోసినవాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

1. ముందు గాడి చూడాలి

వెనక చక్రం నట్లు వదులు చేసి చక్రాన్ని వెనక్కి లాగి చూడాలి. ఇరుసు గాడిలో ముందుకూ వెనక్కూ జరిగితే అది అడ్డగాడి. చక్రాన్ని వెనక్కి లాగి నట్లు బిగిస్తే చైను బిగువు దానంతటదే వస్తుంది. పని సగం అయినట్టే.

లాగినా కదలకుండా చక్రం నేరుగా కిందికి ఊడివస్తే అది నిలువుగాడి. గేర్ల కోసమే తయారైన ఫ్రేముల్లో ఇదే మామూలు. ఇందులో చక్రాన్ని వెనక్కి లాగే వీలుండదు కాబట్టి చైను బిగువుకు వేరే దారి వెతకాలి. దారులున్నాయి, ఖర్చు లేనివి కూడా. వాటి సంగతి ఆరో అంశంలో ఉంది.

వెనక కూడా సస్పెన్షన్ ఉన్న సైకిల్ అయితే ఆలోచన మానుకోవడం మేలు. గతుకు తగిలినప్పుడల్లా వెనక చక్రం పైకీ కిందికీ ఊగుతుంది. వాటిలో చాలావాటికి ఆ ఊపుతో పాటు చక్రానికీ చైన్‌వీల్‌కూ మధ్య దూరం కూడా మారుతుంది. దూరం మారే చోట చైనుకు స్థిరమైన బిగువు ఎలా వస్తుంది? డీరైలర్ స్ప్రింగు లేకుండా ఆ సైకిల్ నడవదు.

ఫ్రేము కీళ్ల దగ్గర పగుళ్లున్నా, రిమ్ములు తుప్పు తినేసినా కూడా అంతే. టైర్లు, ట్యూబులు, రిమ్ములు, బ్రేకు రబ్బర్లు అన్నీ కొత్తవి వేయాల్సి వస్తే ఆ డబ్బుతో మామూలు సైకిల్ సెకండ్ హ్యాండ్‌లో వస్తుంది.

2. పళ్ల లెక్క తొక్కి తేల్చుకోవాలి

ఒకే గేరు మిగిలేటప్పుడు అది ఏ గేరు? దీనికి ఓ చిన్న లెక్క ఉంది. చైన్‌వీల్ పళ్లను ఫ్రీవీల్ పళ్లతో భాగించి, వచ్చినదాన్ని చక్రం వ్యాసం అంగుళాలతో గుణించాలి. 26 అంగుళాల చక్రం, ముందు 42 పళ్లు, వెనక 18 పళ్లు ఉంటే సుమారు 61 వస్తుంది. నిమిషానికి 70 చుట్లు తొక్కితే ఆ సైకిల్ గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అదే 34 పళ్ల చైన్‌వీల్ వాడితే 49 వస్తుంది. ఎత్తు ఎక్కడం సులువే గాని, చదును రోడ్డు మీద కాళ్లు గిరగిర తిరుగుతాయి, సైకిల్ మాత్రం నెమ్మదిగా పోతుంది.

కోనసీమ కాలవగట్ల మీద, విజయవాడ బందరు రోడ్డు మీద తిరిగే సైకిల్‌కు 60 నుంచి 65 బాగుంటుంది. విశాఖపట్నంలో బీచ్ రోడ్డు నుంచి ఊళ్లోకి ఎక్కాలన్నా, హైదరాబాద్‌లో బంజారాహిల్స్ ఎగుడుదిగుళ్లలో తిరగాలన్నా 50 నుంచి 55 మధ్య ఉంటే మోకాళ్లకు మంచిది. కాగితం మీద లెక్క కంటే నమ్మకమైనది ఇంకోటుంది. గేర్లు ఇంకా కొద్దోగొప్పో పనిచేస్తుంటే, ఏదో ఒక గేరులో పెట్టి వారం పాటు షిఫ్టర్ ముట్టకుండా రోజూ వెళ్లే దారిలోనే తొక్కాలి. ఫ్లైఓవర్ ఎక్కడానికి మరీ కష్టమైతే ఒకటి తగ్గించి మళ్లీ చూడాలి. కుదిరిన చోట ఆగి ముందూ వెనకా పళ్లు లెక్కపెట్టుకుంటే చాలు.

ఒకే గేరుతో కొండలెక్కడం సాధ్యమా అన్న అనుమానం చాలామందికి వస్తుంది. టూర్ డి ఫ్రాన్స్ పోటీలో 1937 వరకు డీరైలర్లు వాడనివ్వలేదు. అప్పటిదాకా పోటీదారులు వెనక చక్రానికి రెండు పక్కలా రెండు పళ్లచక్రాలు పెట్టుకుని, కొండ మొదట్లో దిగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకుని ఎక్కేవారు. ఫ్లైఓవర్ ఎక్కడానికి అంత శ్రమ అక్కర్లేదు. సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కితే సరిపోతుంది.

3. ఊడదీత

షిఫ్టర్లు, వైర్లు, ముందు డీరైలర్ సులువుగానే వచ్చేస్తాయి. చైను తీయడానికి చైన్ కట్టర్ కావాలి. సుత్తీ మేకూ పెట్టి కొడితే లింకు వంగుతుంది. బ్రేకు లీవరూ షిఫ్టరూ ఒకే ముక్కగా ఉన్న సైకిళ్లు కొన్ని ఉంటాయి. వాటిలో షిఫ్టర్‌ను పీకకుండా అలాగే వదిలేసి వైరు మాత్రం తీసేయాలి. లేదా విడి బ్రేకు లీవర్లు వేసుకోవాలి.

వెనక డీరైలర్‌ను ఇప్పుడే పాత సామాన్లవాడికి వేయకూడదు. నిలువుగాడి ఉన్న సైకిల్‌కు అదే ఆధారం.

అసలు మొండి పని వెనక పళ్ల దొంతర తీయడం. మన దగ్గర అమ్మే చవక గేరు సైకిళ్లలో అది ఎక్కువగా హబ్బు మీద మరతో బిగించే ఫ్రీవీల్. తొక్కిన ప్రతిసారీ అది ఇంకాస్త బిగుసుకుంటుంది కాబట్టి ఏళ్లు గడిచాక చేతి బలానికి లొంగదు. దాన్ని తీయడానికి లోపలి గాళ్లలో సరిగ్గా కూర్చునే రిమూవర్ ఉంటుంది. కొన్నిటికి చుట్టూ సన్నటి గాళ్లు, పాతవాటికి రెండో నాలుగో కోతలు. ఏ రకమో చూసుకునే రిమూవర్ తేవాలి. అది పెట్టి, జారిపోకుండా ఇరుసు నట్టుతో అదిమి, రిమూవర్‌ను బెంచ్ వైస్‌లో బిగించాలి. చక్రం ఇప్పుడు బల్ల మీద పడుకుని ఉంటుంది. రెండు చేతులతో రిమ్ము పట్టుకుని స్టీరింగ్ తిప్పినట్టు ఎడమవైపుకు, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పాలి. ఒక్కసారి టక్కుమని వదులుతుంది. వదలగానే ఆగి, ఇరుసు నట్టు తీసేసి, ఆ తర్వాతే మిగతా మర విప్పాలి. నట్టు అలాగే ఉంచి తిప్పుతూ పోతే ఇరుసు మర పాడవుతుంది. వైస్ లేని ఇంట్లో ఈ ఒక్క పనికీ సైకిల్ షాపుకు వెళ్లడమే తెలివి. అక్కడ అది రెండు నిమిషాల పని.

ఒక హెచ్చరిక. పాత రిమ్ము పనికిరాదని ముందే పోచలు కోసేసి, తర్వాత ఫ్రీవీల్ తీద్దామంటే కుదరదు. తిప్పడానికి పట్టు ఇచ్చేది ఆ రిమ్మే.

కాస్త ఖరీదైన సైకిళ్లలో పళ్లచక్రాలు హబ్బు మీదికి ఒకదాని తర్వాత ఒకటి జారేలా ఉంటాయి, చివర ఒక రింగు వాటిని బిగించి ఉంచుతుంది. దాన్ని క్యాసెట్ అంటారు. వీటికి కొత్త ఫ్రీవీల్ కొనక్కర్లేదు. ఆ దొంతర విప్పి, 16 లేదా 18 పళ్లది ఒకటి ఉంచుకుని, మిగతా చోట్ల లోపలి ప్లాస్టిక్ రింగులు పేర్చి మళ్లీ బిగిస్తే చాలు. రింగులు తక్కువైతే కొలత సరిపోయే పీవీసీ పైపును సమంగా కోసి వాడతారు.

4. ఫ్రీవీల్, చైను కొనేటప్పుడు

"అన్నా, సింగిల్ ఫ్రీవీల్ ఒకటి, చైన్ ఒకటి" అని అడగడం వరకు తేలికే. ఇచ్చినవి ఒకదానికొకటి నప్పుతాయో లేదో చూసుకోవాల్సింది మాత్రం కొనేవాళ్లే. చైన్లలో రెండు వెడల్పులున్నాయి. మామూలు సైకిల్ చైను లోపలి వెడల్పు అంగుళంలో 1/8 వంతు, గేరు సైకిల్‌ది 3/32. మామూలు ఫ్రీవీల్ పళ్లు మందంగా ఉంటాయి, వాటి మీద గేరు చైను కూర్చోదు. వెడల్పు చైను మాత్రం సన్నపళ్ల చైన్‌వీల్ మీద కూడా నడుస్తుంది, కాస్త చప్పుడు చేస్తుందంతే. అందుకే ఫ్రీవీల్ మామూలు సైకిల్‌ది అయితే చైను కూడా మామూలుదే తీసుకోవాలి.

పాత చైను వాడి డబ్బు మిగుల్చుకోవచ్చా? స్కేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెడితే 24 లింకుల తర్వాతి పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉండాలి. అది 1/16 అంగుళం దాటి పక్కకు జరిగిందంటే చైను అరిగినట్టే. అరిగిన చైనును కొత్త ఫ్రీవీల్ మీద వేస్తే గట్టిగా తొక్కినప్పుడల్లా జారుతుంది. ఫ్రీవీల్ కూడా తొందరగా పాడవుతుంది. అది మిగులు కాదు, రెండో ఖర్చు.

గేరు సైకిల్ హబ్బు మరకూ మామూలు ఫ్రీవీల్ మరకూ చాలావరకు తేడా ఉండదు. అయినా హబ్బుతో సహా చక్రాన్ని షాపుకు తీసుకెళ్లి, మరకు గ్రీజు రాసి, చేత్తోనే తిప్పి ఎక్కించి చూడాలి. మొదటి రెండు చుట్లు నున్నగా తిరగాలి. వంకరగా ఎక్కినదాన్ని పానాతో బలవంతంగా తిప్పితే అల్యూమినియం హబ్బు మర చిరిగిపోతుంది, హబ్బే మార్చాలి. సరిగ్గా ఎక్కాక గట్టిగా బిగించే పని లేదు. తొక్కేకొద్దీ అదే బిగుసుకుంటుంది.

5. చైను వరస

చైన్‌వీల్, ఫ్రీవీల్ ఒకే గీత మీద ఉండాలి. గేర్లున్నప్పుడు చైను అటూ ఇటూ వంకరగా పోయినా డీరైలర్ సర్దుకునేది. ఇప్పుడు సర్దేవాళ్లు లేరు. వరస తప్పితే చైను గరగరలాడుతుంది, గతుకుల్లో ఊడిపోతుంది. నడిరోడ్డు మీద నిలబడి తొక్కుతున్నప్పుడు చైను ఊడితే మనిషి కింద పడతాడు. అందువల్ల ఈ పనిలో తొందర పనికిరాదు.

పరీక్ష తేలిక. పొడవాటి స్టీలు స్కేలును చైన్‌వీల్ పళ్ల పక్కన ఆనించి వెనక్కి చాపితే దాని కొస ఫ్రీవీల్ పళ్ల పక్కనే తగలాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఫరవాలేదు. గేరు హబ్బు మీద సింగిల్ ఫ్రీవీల్ బాగా లోపలికి కూర్చుంటుంది. అందుకని మూడు చైన్‌వీళ్లున్న సైకిల్‌లో సాధారణంగా మధ్యదే దానికి వరసవుతుంది, బయటి పెద్దది కాదు. పెద్ద చైన్‌వీల్‌తో వేగం వస్తుందని దాని మీద చైను వేసి, అది ఊడుతుంటే ఫ్రీవీల్‌ను తిట్టేవాళ్లు ఎందరో.

చవక సైకిళ్లలో మూడు చైన్‌వీళ్లనూ రివెట్లు కొట్టి కలిపేస్తారు. వాటిని విడదీయాలని రంపం పట్టుకోనక్కర్లేదు. మధ్యదాని మీద చైను నడుస్తుంటే బయటిది ప్యాంటు అంచు ఇరుక్కోకుండా అడ్డుగా పనికొస్తుంది. చైను దాన్ని రాసుకోకుండా చూసుకుంటే చాలు. బోల్టులతో బిగించినవైతే తీసేయవచ్చు. అప్పుడు పాత బోల్టులు పొడవెక్కువై బిగుసుకోవు, పొట్టివి కావాలి. లేదా మధ్యలో వాషర్లు వేయాలి.

అప్పటికీ వరస కుదరకపోతే వెనక ఇరుసు మీది వాషర్లను కుడి నుంచి ఎడమకు మార్చి, పోచలు సర్ది, రిమ్మును మళ్లీ ఫ్రేము మధ్యకు తేవాలి. ఇది చేయి తిరిగిన మెకానిక్ పని. దీనివల్ల మరో మేలు కూడా ఉంది. గేర్ల కోసం ఒక పక్కకు లాగి కట్టిన పోచలు రెండు వైపులా ఇంచుమించు సమానమై చక్రం గట్టిపడుతుంది.

6. చైను బిగువు

అడ్డగాడి ఉన్నవాళ్లు ఇరుసును గాడి మధ్యలో, కాస్త ముందుకు ఉంచి చైను పొడవు కొలుచుకోవాలి. చైను అరిగి సాగేకొద్దీ వెనక్కి లాగడానికి చోటు ఉండాలి కదా. చైను కలిపే లాక్ మీద స్ప్రింగు క్లిప్ ఉంటే దాని మూసిన కొస చైను నడిచే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే ఏ పుల్లో తగిలి క్లిప్ ఎగిరిపోతుంది.

ఎంత బిగించాలి? చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే మొత్తం అర అంగుళం ఆడాలి. ఇక్కడ చాలామందికి తెలియని కిటుకు ఉంది. చైన్‌వీల్ ఎప్పుడూ అచ్చు గుండ్రంగా ఉండదు. పెడల్ ఒక చుట్టు తిప్పుతూ చూస్తే చైను ఒక చోట బిగుస్తుంది, ఇంకో చోట వదులవుతుంది. అన్నిటికంటే బిగువుగా ఉన్న చోట ఆ అర అంగుళం ఉండేలా సర్దాలి. వదులుగా ఉన్న చోట చూసి బిగిస్తే, బిగువు చోటికి వచ్చేసరికి పెడళ్ల మధ్య తిరిగే బీబీ ఇరుసు, హబ్బు గుండ్లు నలిగిపోతాయి. వీణ తీగలా మోగే చైను చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, సైకిల్‌కు మాత్రం చేటు.

నిలువుగాడి సైకిళ్లకు పాత వెనక డీరైలరే చవకైన మందు. దాని రెండు చిన్న చక్రాల గుండా చైను పోనిస్తే స్ప్రింగు దాన్ని బిగువుగా ఉంచుతుంది. అది ఫ్రీవీల్‌కు సూటిగా నిలబడాలంటే పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి లోపలికి తేవాలి. స్క్రూ చాలకపోతే తీసేసిన గేరు వైరులో గుండు ఉన్న కొసను జానెడు కోసుకుని, ఆ గుండును డీరైలర్ అడ్జస్టర్‌లో నిలిపి, రెండో కొసను వైరు బిగించే నట్టు కింద నొక్కి పెట్టాలి. అడ్జస్టర్ తిప్పుతూ సన్నటి తేడాలు సరిచేసుకోవచ్చు. చూపుకు గేరు సైకిల్‌లాగే ఉంటుందన్నది ఒక్కటే లోటు.

అదీ వద్దనుకుంటే లెక్కతో కొట్టాలి. వెనకో ముందో ఒక పన్ను పెంచితే ఇరుసు 1/8 అంగుళం వెనక్కి జరిపినంత చైను బిగుస్తుంది. హాఫ్ లింక్ అనే ముక్క దొరికితే చైనును ఒక లింకు మేరకే పెంచవచ్చు, తగ్గించవచ్చు. అది పావు అంగుళం తేడా తెస్తుంది. ఈ రెంటినీ కలిపి చూస్తే నిలువుగాడిలోనూ చైను సరిగ్గా సరిపోయే జోడీ ఒక్కోసారి దొరుకుతుంది. దొరికినా చైను సాగేకొద్దీ వదులవుతుంది. ఓపిక ఉన్నవాళ్ల పద్ధతి ఇది.

చేయకూడనిది మరొకటి. డీరైలర్ తీసేసి, పాత గేర్ల దొంతరను అలాగే ఉంచి, మధ్య పళ్లచక్రం మీదికి చైను కురచ చేసి కలపడం. పైసా ఖర్చు లేదు కాబట్టి ఆశ పుడుతుంది. కానీ ఆ పళ్లు చైను పక్క చక్రం మీదికి ఎక్కడానికి వీలుగా చెక్కినవి. కాస్త వరస తప్పితే చైను పెద్దదాని మీదికి పాకుతుంది. పొడవు చాలక తెగడమో, ఇరుసు వంగడమో జరుగుతుంది. దొంతర ఉంచాలనుకుంటే డీరైలర్ కూడా ఉంచాల్సిందే.

7. బ్రేకులు

గేర్లు తీసేసిన ఉత్సాహంలో బ్రేకుల మీద చేయి వేయకూడదు. ముందూ వెనకా రెండూ ఉండాలి. వైర్లు తుప్పు పట్టి ఉంటే మార్చేయాలి, రబ్బర్లు గట్టిపడి ఉంటే అవీ మార్చాలి. వెనక్కి తొక్కి ఆపే ఫిక్సీ సైకిళ్లను చూసి, ఫ్రీవీల్‌కు వెల్డింగ్ పెట్టించుకునే కుర్రాళ్లు ఉన్నారు. మామూలు హబ్బు మీద ఫ్రీవీల్‌ను పట్టుకుని ఉండేది ఒకే వైపు మర. వెనక్కి తొక్కితే అది విప్పుకుంటుంది, ఆగాల్సిన సైకిల్ ఆగదు. ఫిక్సీ కావాలంటే దానికి ఎదురు మర రింగు బిగించే వేరే హబ్బు ఉంటుంది. ఈ పద్ధతిలో ఆ ఊసే వద్దు.

8. మొదటి వారం

మొదటి రోజు ఖాళీ రోడ్డు మీద, సీటు మీద కూర్చునే తొక్కాలి. తర్వాత ఒకసారి నిలబడి బలంగా తొక్కి చూడాలి. టక్కుమన్న చప్పుడు ఒకసారి వస్తే అది ఫ్రీవీల్ మరలో పూర్తిగా కూర్చోవడం కావచ్చు. మళ్లీ మళ్లీ వస్తే చైను జారుతోందని అర్థం. కొత్త చైను మొదట్లో కాస్త సాగినట్టవుతుంది, ఫ్రీవీల్ కూడా బిగుసుకుని రవ్వంత లోపలికి పోతుంది. కాబట్టి వారం తిరిగాక బిగువు, వరస రెండూ మళ్లీ చూసుకుని, వెనక నట్లు ఇంకోసారి బిగించాలి. అడ్డగాడి సైకిల్‌లో బలంగా తొక్కినప్పుడు చక్రం కుడివైపు నుంచి ముందుకు లాగబడి టైరు ఫ్రేముకు రాసుకోవచ్చు. నట్ల కింద గళ్ల వాషర్లు వేస్తే ఆ జారుడు ఆగుతుంది.

ఆ తర్వాత రెండు వారాలకోసారి పొడిగుడ్డతో చైను తుడిచి, లింకుకో చుక్క నూనె వేసి, పైన మిగిలిన నూనెను మళ్లీ తుడిచేస్తే సరి. తీసిన షిఫ్టర్లు, డీరైలర్లు బాగుంటే సైకిల్ షాపులో ఎంతోకొంతకు తీసుకుంటారు. చాలాసార్లు ఫ్రీవీల్ ఖరీదు అందులోనే వచ్చేస్తుంది.